నడిమిగదిలో నీలం దీపం

బొబ్బిలిలో ఆ ఇంటి నడిమిగదిలోకి ముప్ఫై ఏళ్ళుగా ఎవరూ అడుగు పెట్టలేదు.

పెట్టలేదని ఆ ఇంటివాళ్ళు అంటారు. నేను విన్నది విన్నట్టు చెబుతున్నాను.

ముందు కిరాణా కొట్టు. దాని వెనక హాలు. హాలు వెనక నడిమిగది, దాని వెనక వంటిల్లు, చిట్టచివర ఒక పడగ్గది. అన్నీ రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి. పక్కనే కప్పులేని సన్నటి నడవ. ఏ గదిలోకి వెళ్ళాలన్నా ఆ నడవలోంచే వెళ్ళాలి. గోడలు ఒక్కొక్కటి రెండడుగుల మందం, నడిమిగదివైతే మూడడుగులు. కోట కట్టగా మిగిలిన సున్నంతో కట్టారని ఇంటి యజమాని అప్పలస్వామిగారు సరుకు కొనడానికి వచ్చినవాళ్ళకి కూడా చెబుతారు. సున్నం సంగతి నాకు తెలీదు గానీ, ఆ గోడలు దేన్నీ లోపలికి రానివ్వవు... ఎండని, గాలిని, ఫోన్ సిగ్నల్ని.

దెయ్యాన్ని మాత్రం రానిచ్చాయి.

దాని పేరు జగ్గమ్మ. అప్పలస్వామిగారి తండ్రి ఆ ఇల్లు ఎవరి దగ్గర కొన్నారో, ఆ షావుకారు భార్య. మొగుడు నలుగురిలో చెయ్యి చేసుకున్నాడని ఒక రాత్రి నడిమిగదిలోకి వెళ్ళి గడియ వేసుకుంది. తెల్లారాక తలుపు విరగ్గొట్టాల్సి వచ్చింది... అదీ కథ. దీన్ని ఆ ఇంట్లో అందరికంటే బాగా చెప్పేది అప్పలస్వామిగారి భార్య కన్యాకుమారిగారు. "తెల్లారి తలుపు..." అని ఆగి, ఒకసారి నడవ వైపు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటారట. అక్కడితో విన్నవాళ్ళకి రాత్రి భోజనం సహించదు.

ఆనవాళ్ళు కూడా తక్కువేం లేవు. అర్ధరాత్రి దాటాక ఆ గదిలోంచి సన్నగా పాట. ఒక్కోసారి ఏడుపు. ఒక్కోసారి కరకరమని ఏదో నమిలే చప్పుడు... అవి ఎముకలని కొట్లో బస్తాలు మోసే సోములు తేల్చేశాడు. ఎవరి ఎముకలని ఎవరూ అడగలేదు. ఊళ్ళో ఎవరూ తప్పిపోలేదు కూడా. అయినా ఎముకలే.

ఈ మధ్య రెండేళ్ళ నుంచి ఇంకోటి చేరింది. తలుపు కింద సందులోంచి నీలం వెలుగు.

ఇదంతా నాకెలా తెలుసంటారా? ఆ ఇంటి కోడలు సింధూరి, నేను ఒకే కంపెనీలో పనిచేస్తాం. తను బొబ్బిలిలో, నేను శ్రీకాకుళంలో, కంపెనీ విశాఖపట్నంలో, రోగులు అమెరికాలో. అక్కడి ఆసుపత్రి బిల్లుల కోసం అక్కడి ఇన్సూరెన్సు వాళ్ళతో ఫోన్లో దెబ్బలాడటం మా ఉద్యోగం. వాళ్ళకి పగలైతే మాకు రాత్రి. దెయ్యాలూ మేమూ ఒకే షిఫ్టు.

సింధూరి కూర్చునేది చిట్టచివరి పడగ్గదిలో. రాత్రి కొట్టు మూసేస్తారు, హాల్లో మావగారు పడుకుంటారు. ఇంటర్నెట్ వైరు వచ్చేది ముందు కొట్లోకి. మధ్యలో ఆ గోడలు. వారానికి మూడు రాత్రులు తన కాల్ తెగిపోయేది. చివరికి మేనేజరు ఒక మెయిల్ పంపాడు, చాలా మర్యాదగా. నెలాఖరు శుక్రవారం రాత్రి లైను పరీక్ష. గంటసేపు కాల్ తెగకుండా నడవాలి. తెగితే ఇంటి నుంచి పని రద్దు, విశాఖ వచ్చి ఆఫీసులో కూర్చోవాలి.

విశాఖలో హాస్టల్లో ఉంటానంటే ఆ ఇంట్లో ఎవరూ వద్దనలేదు. "ఉజ్జోగం మానీసి కొట్లో కూకోవచ్చు కదా" అన్నారు. అంతే.

సింధూరికి ఆ ఉద్యోగం ఎందుకంత ముఖ్యమో నాకు తెలుసు. ఆ ఇంట్లో తను షావుకారుగారి కోడలు, ప్రదీప్ పెళ్ళాం, "ఒసే", "ఇదిగో". కాల్ మొదలవ్వగానే "నేను సింధూరిని మాట్లాడుతున్నాను" అంటుంది చూడండి, రోజు మొత్తంలో తన పూర్తి పేరు తనకి వినిపించేది అప్పుడే. ఆ మాట నాతో ఒకసారి నవ్వుతూ అంది. నాకు నవ్వు రాలేదు.

సరే, వైఫై బాగుచేసే బాధ్యత ప్రదీప్ తీసుకున్నాడు. మేనమామ కొడుకే, సింధూరికి బావే. మంచివాడే. కందిపప్పులో రాయి ఏరినట్టు రెండు వారాలు ఇంటర్నెట్లో ఏరాడు. నాలుగున్నర చుక్కల రేటింగున్న వస్తువేదీ నమ్మలేదు. తన కొట్టుకి నాలుగున్నర చుక్కలు ఎలా వచ్చాయో తనకి తెలుసు కదా.

మొదట గోడ ప్లగ్గుకి గుచ్చే, సిగ్నల్ పెంచే బూస్టరు ఒకటి తెచ్చాడు. అన్నిటికంటే చవక. అది వచ్చిన సిగ్నల్లో సగం తను తినేసి, మిగతా సగం వంటింటి దాకా పంపి, అక్కడ చేతులెత్తేసింది.

అప్పుడు విజయనగరంలో కొండబాబు అనే షాపాయన మెష్ వైఫై అనే మాట చెప్పాడు. ఒక పెట్టె కాదు, కొన్ని పెట్టెలు. ఇల్లంతా అక్కడక్కడ పెడితే సిగ్నల్ ఒకటి అందుకుని ఇంకోదానికి అందిస్తుంది. ఇల్లంతటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డు. కొండబాబు మూడు రకాలు బల్ల మీద పెట్టాడు. మొదటిది కొత్త తరంది. దాని ధర విని ప్రదీప్ మంచినీళ్ళు అడిగాడు. రెండోది కాస్త తక్కువ, రెండు పెట్టెలు. మూడోది పాత తరంది, మూడు పెట్టెలు, రెండోదానికంటే చవక. ప్రదీప్ మూడోది తీసుకున్నాడు. ఇంటికి వచ్చే లైనే వంద స్పీడుది, దానికి వెయ్యి స్పీడు లాగే పెట్టెలు కొని ఏం చేసుకుంటాం? పాత తరం చాలు. చెప్పడానికి నాకు కష్టంగానే ఉంది గానీ, ఇంతవరకు ప్రదీప్ చేసింది సరైన పనే.

అప్పలస్వామిగారు డబ్బా విప్పి చూశారు.

"మూడెందుకురా? ఒకటి సాలదేటి?"

"మూడూ ఒకదాంతో ఒకటి మాటాడుకుంటాయి నాన్నా."

"మనింట్లో మాటాడేవోళ్ళు తక్కువయ్యేరేటి?"

ఒకటి కొట్లో పెట్టారు, ఒకటి హాల్లో, ఒకటి పడగ్గదిలో. కొట్లోది నీలం దీపం, అంటే సిగ్నల్ అందిందని. హాల్లోది నీలం దీపం. పడగ్గదిలోది... ఎరుపు. ఎన్నిసార్లు పీకి పెట్టినా ఎరుపే.

కేబుల్ పనిచేసే ఎల్లాజీని పిలిచారు. ఆయన ఫోన్ పట్టుకుని నడవలో ముందుకీ వెనక్కీ నాలుగుసార్లు నడిచాడు.

"మేడ మీదికి ఇటుకలందిస్తారు సూడండి, వరసలో నిలబడి. మజ్జిలో మడిసి లేకపోతే ఇటుక ఎవలి సేతికి అందుతాది? సిగ్నలు రాని సోట పెట్టెట్టేసి, సిగ్నలియ్యమంటే అదేటి ఇస్తాది? దానికే రాలేదు కదా. హాల్లోది తీసి మజ్జిలో ఎట్టాల. ఇదిగో... ఇక్కడ."

ఆయన వేలు నడిమిగది తలుపు మీద ఉంది.

ఎల్లాజీ ఊరివాడే. రెండు క్షణాల్లో తనకీ గుర్తొచ్చింది. వేలు చటుక్కున తీసేసి చొక్కాకి తుడుచుకున్నాడు.

"పోనీ నడవ పొడుగునా వైరు లాగీమంటారా?"

"గోడలికి కన్నాలెడితే లచ్చిమి నిలవదు" అన్నారు అప్పలస్వామిగారు.

"పోనీ ఈ నడవలోనే..."

"పైన కప్పు లేదు. వానకి తడిసిపోద్ది" అన్నాడు ప్రదీప్.

అప్పుడు మాట్లాడారు కన్యాకుమారిగారు. గొంతు పెంచలేదు. అందుకే అందరూ విన్నారు.

"ఆ తలుపు తీసిన్రోజు నానీ ఇంట్లో ఉండను. ఉజ్జోగం పోతే పోనాది. పాణం ముక్యం."

"అత్తయ్యా, తలుపు తీసి ఒక్క పెట్టె..."

"సింధూ! ఆవిడికి తలుపు తీస్తే గిట్టదు. నాకు తెలుసు."

అప్పలస్వామిగారు కాసేపు ఆలోచించి, ఇంకో పెట్టె కొనమన్నారు. మూడెందుకన్న మనిషే నాలుగోదానికి ఒప్పుకున్నారు. ఆ దెయ్యం ఎంత గొప్పదో దీన్నిబట్టి మీరే అంచనా వేసుకోండి. నాలుగోది వంటింట్లో పెట్టారు. హాలుకీ వంటింటికీ మధ్య నడిమిగది గోడలు రెండూ ఉన్నాయి కదా... అదీ ఎరుపే. ఇప్పుడు ఆ ఇంట్లో రెండు ఎర్ర దీపాలు. సోములు వాటికి కూడా దూరంగా నడవడం మొదలుపెట్టాడు.

పరీక్ష రేపు అనగా, గురువారం రాత్రి సింధూరి సెలవు పెట్టింది, నాచేతా పెట్టించింది. ఇంట్లో చెప్పలేదు. రోజూలాగే పడగ్గదిలో లైటు వేసి, తలుపు జారవేసి, సెల్ సిగ్నల్ అందే నడవలోకి వచ్చి నాకు ఫోన్ చేసింది.

"నేనే పెట్టేస్తాను. నువ్వు లైన్లో ఉండు... ఏటీ మాటాడకు."

పదకొండు దాటింది. హాల్లో అప్పలస్వామిగారి గురక నాకు కూడా వినిపిస్తోంది. సింధూరి హాల్లోంచి పెట్టె పీకింది. నడిమిగది తాళంచెవి దేవుడి పటం వెనక మేకుకి వేలాడుతూ ఉంటుంది. ముప్ఫై ఏళ్ళుగా అక్కడే ఉందని అందరికీ తెలుసు. ఎవరూ తాకరని కూడా అందరికీ తెలుసు.

"శైలజా..." అంది గుసగుసగా. శైలజ అంటే నేనే.

"ఏంటి?"

"తాళంచెవి... తుప్పు లేదు."

నేనేం మాట్లాడలేదు. మాట్లాడొద్దంది కదా.

అడుగులు. నడవ. ఆగింది. తాళం 'టిక్'మంది... అంతే, ఒక్క టిక్. ముప్ఫై ఏళ్ళ తాళం అంత మర్యాదగా తెరుచుకోవడం నేనెప్పుడూ వినలేదు. తలుపు కిర్రుమంటుందని ఊపిరి బిగబట్టాను. అనలేదు.

సింధూరి లోపలికి వెళ్ళలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని, ఒక్క చెయ్యి మాత్రం లోపలికి పెట్టింది. తలుపు పక్కనే స్విచ్చు బోర్డు తగిలింది. దాని పక్కన గోడలో గూడు. పెట్టె గూట్లో, ప్లగ్గు బోర్డులో, తలుపు దగ్గరికి, తాళం, తాళంచెవి మళ్ళీ మేకుకి, పరుగు. నాకు వినిపించినవి ఇవే, ఇదే వరసలో.

పడగ్గదిలో పెట్టె ఎరుపు... పసుపు... నీలం.

"వచ్చీసింది!" అంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలీలేదు. లాప్‌టాప్‌లో కాల్ కలిపి గంటన్నర మాట్లాడుకున్నాం. ఒక్కసారి కూడా తెగలేదు. రేపు ఇలాగే ఉంటే చాలు. మేనేజరుని తిట్టుకున్నాం, ఎల్లాజీని మెచ్చుకున్నాం. దెయ్యం ఊసే ఎత్తలేదు.

ఒంటిగంట పది నిమిషాలకి తన ఫోన్ టింగుమంది.

ఆ పెట్టెలకి ఫోన్లో ఒక యాప్ ఉంటుంది. ఎవరెవరు వైఫై వాడుతున్నారో, ఏ పెట్టె దగ్గర్నుంచి వాడుతున్నారో అందులో కనిపిస్తుంది. కొత్తగా ఏ ఫోనైనా చేరితే చెబుతుంది.

"ప్రదీప్ ఫోన్... చేరింది" అని చదివింది సింధూరి.

"ఆయన లేచారేమో."

"బావ నా పక్కనే పడుకున్నాడు. ఫోను తలగడ కింద ఉన్నాది. అది ఇందాకట్నుంచీ జాబితాలో ఉన్నాది శైలజా... ఇప్పుడు రెండు ఉన్నాయి. రెండు ప్రదీప్ ఫోన్లు."

"రెండోది ఎక్కడుంది?"

జాబితాలో దాని మీద నొక్కి చూసింది.

"నడిమిగదిలో."

నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి. అబద్ధమెందుకు, నిజంగానే లేచాయి.

ప్రదీప్ పాత ఫోను రెండేళ్ళ కిందట వాళ్ళ పెళ్ళి పందిట్లో పోయింది. పెళ్ళికూతురి పెదనాన్న కొడుకు రమేష్‌బాబు తీశాడని మగపెళ్ళివాళ్ళు ఇప్పటికీ అనుమానిస్తారు. అతను వస్తే గల్లాపెట్టెకి తాళం వేస్తారు. పోయిన ఫోనుకి వైఫై పాస్‌వర్డు ఎలా తెలుసంటారా? పెట్టెలు మారినా ప్రదీప్ పేరూ పాస్‌వర్డూ మార్చలేదు. కొట్టు పేరు, పక్కన ఒకటి రెండు మూడు. ఆ ఫోను ఎక్కడ వెలిగినా తనంతట తనే చేరిపోతుంది.

కానీ వెలిగించింది ఎవరు?

"దొంగేమో..." అన్నాను.

"తాళం నేనే వేసేను కదే!"

"సింధూ, ఆయన్ని లేపు."

"బావ లేస్తే నా కంటే ముందు పరిగెడతాడు. నేను..."

కాల్ తెగిపోయింది.

తన సెల్లుకి చేశాను. అందుబాటులో లేదు. మళ్ళీ చేశాను. లేదు. శ్రీకాకుళంలో మా ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని చెమటలు పట్టి, ఏ దేవుడికి ఏం మొక్కానో ఇప్పుడు గుర్తులేదు. మొక్కు మాత్రం తీర్చలేదు.

ఆ తర్వాత జరిగింది మర్నాడు తను చెప్పగా విన్నది.

పడగ్గదిలో దీపం ఉన్నట్టుండి ఎర్రబడింది. అంటే నడిమిగదిలో ఎవరో ప్లగ్గు పీకేశారు. సింధూరి మంచం మీద బిగుసుకుపోయి ఆ ఎర్ర దీపాన్నే చూస్తూ కూర్చుంది. పది నిమిషాలు గడిచాయి. అప్పుడు...

ఎరుపు. పసుపు. నీలం.

పీకిన చెయ్యే మళ్ళీ పెట్టింది.

తనకి అంత భయంలోనూ ఒళ్ళు మండిందట. ఉద్యోగం నాది, పరీక్ష నాది, రేపు రాత్రి ఇలాగే పీకితే? వంటింట్లోకి వెళ్ళి అట్లకాడ తీసుకుంది. దెయ్యాన్ని అట్లకాడతో ఏం చేస్తావే అని అడిగాను. తనకీ తెలీదంది.

నడవలో మంచు. నడిమిగది తలుపుకి తాళం లేదు. కింద సందులోంచి నీలం వెలుగు. తలుపు మీద చెయ్యి వేసింది. లోపల గడియ వేసి ఉంది.

చెవి ఆనించింది.

ఎవరో ఆడమనిషి ఏడుస్తోంది... ఏదో తెలియని భాషలో. దాని వెనక కరకర... కరకర...

"ఎ... ఎవరది?"

కరకర ఆగింది. ఏడుపు ఆగింది. వెలుగు ఆరింది.

చాలాసేపటికి లోపల్నుంచి సన్నగా, వణుకుతూ ఒక గొంతు.

"నాను... జగ్గమ్మని..."

సింధూరి చేతిలోంచి అట్లకాడ జారింది.

"ఎల్లిపో... బేగి ఎల్లిపో... నా జోలికి రాకు... ఉత్త కాళ్ళతో ఆ నడవలో తిరగొద్దని ఎన్నిసార్లు సెప్పాలి నీకు? మంచు పడతన్నాది, సెవులికి గుడ్డైనా కట్టుకోవు..."

గొంతు ఆగిపోయింది.

తలుపుకి ఇటు ఒకరు, అటు ఒకరు. ఇద్దరూ కదల్లేదు.

"...అత్తయ్యా?"

లోపల పెద్ద నిట్టూర్పు. తర్వాత గడియ తీసిన చప్పుడు.

చాప, తలగడ, పక్కన జంతికల డబ్బా. మూల తాడుతో కట్టిన పాత వారపత్రికల దొంతర, దాని మీద పగిలిన రేడియో. డబ్బాకి ఆనించి ప్రదీప్ పోయిన ఫోను. తెర మీద కన్నీళ్ళతో ఆగిపోయిన ఒక కొరియా అమ్మాయి. బూజు పోగు ఒక్కటి లేదట. ఆ ఇంట్లో అంత శుభ్రమైన గది ఇంకోటి లేదట.

"తలుపెయ్యి. కూకో" అన్నారు కన్యాకుమారిగారు. గూట్లో నీలం దీపం వైపు చూశారు. "ఈ డబ్బా సూసేసరికి నా పాణం పోయింది. పీకీసేను. పీకీగానే ఈ బొమ్మ ఆగిపోనాది, ఇదివరకులా కొట్టుకాడ ముందే దింపుకున్నది కాదు కదా. దీన్దుంప తెగ, ఆ పిల్లకి పెళ్ళవుతాదో లేదో తెలాల కదా! మళ్ళీ ఎట్టీసేను."

"ఇన్నాళ్ళూ... మీరేనా?"

"నా పెళ్ళినాటికి ఈ ఇంట్లో పదకొండుమందిమి. ఆ పైన కొట్టు గుమాస్తాలు, వచ్చేవోళ్ళు, పోయేవోళ్ళు. పంతొమ్మిదేళ్ళు నాకు. ఏడుపొస్తే ఏడవడానికి సోటు లేదమ్మా. పొయ్యికాడ ఏడిస్తే పొగన్నారు, పెరట్లో ఏడిస్తే పక్కింటోళ్ళు సూస్తారన్నారు. ఓ రాత్రి ఇందులో దూరి గడియేసుకుని ఏడిసేను. బయట సోములు విని, జగ్గమ్మ ఏడుస్తన్నాదని అరిసేడు. నాను కాదన్లేదు. అంతే. నానేటీ అబద్దం సెప్పలేదు." కాస్త ఆగి, "తరవాత సెప్పేననుకో" అన్నారు.

"మరి జగ్గమ్మగారు..."

"సాలూర్లో కూతురింటికాడ ఎనబై యేళ్ళు బతికి సక్కగా పోయింది. ఈ గదిలో కాలెట్టేది కాదంట. బొద్దింకలంటే బయమంట."

సింధూరి నవ్వాపుకోలేకపోయింది. ఆవిడ నవ్వలేదు. కోడలి మొహమే చూస్తున్నారు.

"మీ మావయ్యకి తెలిస్తే రేపు పొద్దున్నకల్లా ఇక్కడ సింతపండు బస్తాలు దించీస్తాడు. నాకు ముప్పై యేళ్ళు పట్టింది. ఈ ఇంట్లో నా సేత్తో గడియేసుకునే తలుపు ఇదొక్కటే అమ్మా... సెప్పేస్తావేటి?"

సింధూరికి అప్పుడు ఏడుపొచ్చింది. అత్తగారు జంతికల డబ్బా ముందుకి జరిపారు. ఇద్దరూ కాసేపు ఎముకలు నమిలారు.

తెల్లారకముందే పెట్టె మళ్ళీ హాల్లో పెట్టేసి, మర్నాడు పొద్దున్న కాఫీల దగ్గర సింధూరి గ్లాసు కింద పెట్టి, "రాత్రి నాకు జగ్గమ్మగారు కనిపించేరు" అంది.

కన్యాకుమారిగారు గోడకి జారగిలబడిపోయారు. ఆ జారడం చూసి, ముందే తెలిసిన సింధూరి కూడా ఒక్క క్షణం కంగారుపడిందట.

"ఏ... ఏటన్నాదే?" అన్నారు అప్పలస్వామిగారు.

"తనకీ ఒక పెట్టె కావాలన్నారు. నడిమిగది గూట్లో పెట్టమన్నారు. పెడితే ఎవరి జోలికీ రానన్నారు."

"దెయ్యానికి వైఫై ఎందుకే?"

"నేనడగలేదు మావయ్యా. మీరు అడుగుతారా?"

ఆయన అడగనన్నారు. నాలుగో పెట్టె కొండబాబుకి తిరిగిచ్చేసి, ఆ డబ్బుల్లోంచి ఒక కొబ్బరికాయ కొని, నడవలో నాలుగడుగుల దూరం నుంచి కొట్టారు. పెట్టె లోపల పెట్టడానికి కోడలొక్కర్తే వెళ్ళాలట, జగ్గమ్మగారు తననే రమ్మన్నారట. అందరూ చాలా సంతోషంగా ఒప్పుకున్నారు. పాస్‌వర్డు మారుద్దామని ప్రదీప్ అన్నాడు. "ఆవిడికి ఇచ్చీసింది మారిస్తే ఊరుకుంటాదేటి?" అని తల్లి కసిరింది.

ఆ రాత్రి పరీక్ష. ఒంటిగంట నుంచి రెండు దాకా. సింధూరి పక్కనే యాప్ తెరిచి పెట్టుకుంది. ఆ గంటసేపు రెండో ప్రదీప్ ఫోను జాబితాలో లేదు. కొరియా పిల్ల పెళ్ళి ఆవేళకి ఆగింది. కన్యాకుమారిగారు చీకట్లో, గూటి పక్కన, ప్లగ్గు మీద చెయ్యేసి గంటసేపూ అలాగే కూర్చున్నారట. ఎలకలు వైరు కొరుకుతాయేమోనని.

కాల్ ఒక్కసారి కూడా తెగలేదు. రెండు దాటాక మేనేజరు, "కంగ్రాట్స్ సింధూరీ" అన్నాడు. రెండున్నరకి జాబితాలో ప్రదీప్ ఫోన్ మళ్ళీ వెలిగింది.

రమేష్‌బాబు మాత్రం ఇప్పటికీ దొంగే. అతను వస్తే ఇప్పటికీ గల్లాపెట్టెకి తాళం పడుతుంది. సింధూరికి అది బాధగానే ఉంది, కానీ నిజం చెబితే గది పోతుంది. పాపం రమేష్‌బాబు, ఒక దెయ్యం బరువంతా మోస్తున్నాడు.

పేర్లన్నీ మార్చి రాశాను. నా పేరు కూడా శైలజ కాదు. కన్యాకుమారిగారు ఇది చదువుతారన్న భయం నాకు లేదు, ఆవిడ చూసేవి వేరే ఉన్నాయి. సోములు చదివినా నమ్మడు.

ఎందుకంటే సోములు ఇప్పుడు బజారంతా కొత్త సంగతి చెబుతున్నాడు. నడిమిగదిలో రాత్రిపూట రెండు గొంతులు వినిపిస్తున్నాయట. జగ్గమ్మ ఎవర్నో తోడు తెచ్చుకుందట. ఇద్దరూ కలిసి ఏడుస్తారట, ఇద్దరూ కలిసి నవ్వుతారట. ఎముకలు కూడా ఇదివరకటి కంటే ఎక్కువ నములుతున్నారట.

మొన్న మా షిఫ్టు అయిపోయాక ఏదో అడగాలని సింధూరికి ఫోన్ చేశాను. ఎత్తింది. గుసగుసగా, "తరవాత సెయ్యవే... గడియేసుకున్నాం" అంది. వెనక కరకర... కరకర... ఎవరో తెలియని భాషలో ఏడుస్తున్నారు. పెట్టేసింది.

మాది శ్రీకాకుళంలో రెండు గదుల అద్దె ఇల్లు. నలుగురం ఉంటాం. గోడలు పల్చన. ఒక్క చవక రౌటరు ఇల్లంతటికీ సరిపోతుంది. ఏ మూల నిలబడినా సిగ్నల్ నిండుగా ఉంటుంది. ఏ మూల నిలబడినా ఎవరో ఒకరు పిలుస్తారు.

ఫోన్ పట్టుకుని మెట్ల మీద కూర్చుని చాలాసేపు ఆలోచించాను... మా ఇంట్లో దెయ్యాన్ని ఎక్కడ పెట్టాలా అని.